గడియారాల కింద కలుద్దాం!

కొత్త ఊరు వెళ్ళినవాడు గుడి చూస్తాడు, సముద్రం చూస్తాడు, బజారు చూస్తాడు. మరి సినిమా పిచ్చి ఉన్నవాడు ఏం చూస్తాడు? ఇంకేముంది... సినిమా హాలు చూస్తాడు!

మెల్బోర్న్‌లో చదువుకుంటున్న మా పిన్ని కొడుక్కి ఈ సంగతి చెబితే నోరెళ్ళబెట్టాడు.

"ఏంటన్నయ్యా! ఇంత ఖర్చుపెట్టి ఆస్ట్రేలియా వచ్చి, కంగారూల్ని చూడకుండా పాత హాళ్ళూ, పాత బిల్డింగులూ చూస్తానంటావేంటి?"

"కంగారూలు ఎక్కడికీ పోవురా అబ్బాయ్! హాళ్ళే పోతాయి" అన్నాను.

ఆ మాట ఊరికే అనలేదు. నేను పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదట సినిమా చూసిన మా ఊరి హాలు ఇప్పుడు లేదు. ఆ చోట ఫంక్షన్ హాలు లేచింది. ఆమధ్య అక్కడికి ఓ పెళ్ళికి వెళ్ళి, భోజనాల బంతిలో కూచుని, 'సరిగ్గా ఇక్కడే కదూ తెర ఉండేది' అనుకున్నాను. పక్కన కూచున్న కుర్రాడికి అక్కడ హాలుండేదన్న సంగతే తెలీదు. పప్పులో నెయ్యి వేసుకుంటున్నాడు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

అందుకని మెల్బోర్న్‌లో మూడు రోజులు కాళ్ళరిగేలా తిరిగాం. కాళ్ళు మరీ పీకితే ట్రామెక్కాం. నగరం నడిబొడ్డున ట్రాముకి టిక్కెట్టు కూడా లేదు లెండి!

ఒక్కరోజులో గెలిచిన గడియారాలు

ఈ ఊళ్ళో ఎవరు ఎవర్ని కలుసుకోవాలన్నా ఒకటే గుర్తు. ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ గుమ్మం మీద వరసగా గడియారాలుంటాయి. ఒక్కో లైనులో తరవాతి రైలు ఎన్నింటికో ఒక్కో గడియారం చెబుతుంది. "గడియారాల కింద కలుద్దాం" అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. ప్రేమికులు, కాలేజీ పిల్లలు, తాతలు, మనవలు... అందరూ ఆ మెట్ల మీదే!

పసుపు రంగు గోడలు, పైన రాగి డోము. రైల్వేలో పనిచేసే ఫాసెట్, ఆష్‌వర్త్ అనే ఇద్దరు ఉద్యోగులు 1899లో పోటీకి గీసిన ప్లాను ఇది. 1910కి భవనం పూర్తయింది. ఈ ప్లాను నిజానికి మన బొంబాయి విక్టోరియా టెర్మినస్ కోసం గీసిందనీ, కవర్లు తారుమారై ఇక్కడికొచ్చిందనీ ఊళ్ళోవాళ్ళు చెప్పుకుంటారు. కథ బాగుంది, కానీ కట్టుకథే! బొంబాయి స్టేషన్ 1880ల్లోనే లేచి నిలబడింది కదా.

అసలు కథ వేరే ఉంది. 1983లో రైల్వేవారు ఈ పాత గడియారాల్ని దించేసి ఎలక్ట్రానిక్ బోర్డులు పెడతామన్నారు. ఊరు ఊరంతా భగ్గుమంది. 'మా గడియారాల జోలికొస్తారా!' అని జనం గోలపెట్టేసరికి ఒక్కరోజులో నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు వాటిని తిప్పేది కంప్యూటరే, కానీ ముఖాలు మాత్రం పాతవే.

నేను ఆ మెట్ల మీద నుంచుని పైకి చూశాను. గడియారం నిలబెట్టుకోడానికి గోలపెట్టిన ఊరు, మరి సినిమా హాళ్ళకి ఏం చేసిందో చూడాలి కదా!

తెర మీద కాదు, కప్పు మీదే నక్షత్రాలు

స్టేషన్ నించి తూర్పుకి నాలుగడుగులు వేస్తే ఫోరం థియేటర్. బయట నించి చూస్తే ఏదో అరేబియా కథలో సుల్తాను గారి కోటలా ఉంటుంది. డోములు, గడియారపు బురుజు, గోడల మీద వింత జంతువుల బొమ్మలు. మన పాత జానపద చిత్రాల సెట్టింగు ఎవరో ఎత్తుకొచ్చి రోడ్డు మీద పెట్టారా అనిపించింది.

1929 ఫిబ్రవరిలో 'స్టేట్ థియేటర్' పేరుతో తెరిచారు దీన్ని. సీట్లు మూడు వేల మూడు వందల పైచిలుకు! లోపలికి వెళ్ళి తలెత్తితే కప్పు కనబడదు, సందె చీకటి పడుతున్న నీలాకాశం కనబడుతుంది. అందులో మిణుకు మిణుకుమంటూ నక్షత్రాలు. గోడల వెంట గ్రీకు, రోమన్ శిల్పాల నకళ్ళు. రూపాయి టిక్కెట్టు కొన్నవాణ్ణి కూడా రాజుగారి తోటలో కూచోబెట్టాలన్నది ఆ రోజుల హాళ్ళవాళ్ళ సరదా.

ఆ సరదా ఎంతోకాలం సాగలేదు. 1956లో మెల్బోర్న్‌కి టెలివిజన్ వచ్చింది. మూడు వేల సీట్లు ఎవరు నింపుతారు? 1960ల్లో ఈ హాలుని అడ్డంగా రెండు ముక్కలు చేసి, కింద ఒకటి, బాల్కనీలో ఒకటిగా రెండు సినిమాలు ఆడించారు. 1980ల్లో ఇది ఓ క్రైస్తవ సంఘం చేతికి వెళ్ళింది. 1990ల్లో మళ్ళీ కళాకారుల చేతికొచ్చింది. మేం వెళ్ళిన రాత్రి అక్కడ పాటల కచేరీ. కుర్రకారంతా నుంచుని ఊగుతున్నారు. నేనొక్కణ్ణే మెడ పైకెత్తి నక్షత్రాలు లెక్కపెడుతున్నాను.

"అన్నయ్యా, స్టేజీ అటు!" అన్నాడు మావాడు.

లక్నోలో నిద్రపోతున్న మనిషి కట్టిన హాలు

మర్నాడు స్వాన్‌స్టన్ వీధిలో కాపిటల్ థియేటర్‌కి వెళ్ళాం. బయట నించి చూస్తే పెద్దగా ఏమీ ఉండదు. మావాడు రోజూ ఈ వీధినే కాలేజీకి వెళ్తాడట, ఒక్కసారీ తలెత్తి చూడలేదట!

లోపలికి వెళ్ళాక మాత్రం వాడి నోట మాట రాలేదు. కప్పంతా ప్లాస్టరుతో చేసిన పలకలు, మెట్లు, కోణాలు. స్ఫటికాల గుహలో కూచున్నట్టుంటుంది. వాటి వెనకాల దాచిన వేల రంగు దీపాలు ఒక రంగు నించి మరో రంగుకి మారుతుంటే, సినిమా మొదలవకముందే టిక్కెట్టు డబ్బులు గిట్టినట్టే! 1924 నవంబరులో సెసిల్ బి. డెమిల్ 'టెన్ కమాండ్‌మెంట్స్' మూకీ చిత్రంతో ఈ హాలు తెరుచుకుంది.

దీన్ని కట్టినవారు భార్యాభర్తలు, వాల్టర్ బర్లీ గ్రిఫిన్, మారియన్ మహోనీ గ్రిఫిన్. అమెరికావాళ్ళు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరా నగరానికి నక్షా గీసింది కూడా వీళ్ళే. ఇక ఇక్కడే మనకి కావలసిన ముక్క ఉంది. 1935లో గ్రిఫిన్ లక్నో విశ్వవిద్యాలయం గ్రంథాలయానికి ప్లాను గీయడానికి ఇండియా వచ్చాడు. మన దేశం ఆయనకి ఎంత నచ్చిందంటే, అక్కడే ఉండిపోయి పని మీద పని ఒప్పుకున్నాడు. పయనీర్ పత్రిక అచ్చాఫీసు భవనం ఆయన గీసిందే. మారియన్ కూడా వెనకే వచ్చి ఆయన పక్కన కూచుని పనిచేసింది. కానీ 1937 ఫిబ్రవరిలో ఆయన లక్నోలోనే కన్నుమూశాడు. సమాధి కూడా అక్కడే. మెల్బోర్న్ జనానికి ఇంద్రభవనం కట్టి ఇచ్చిన మనిషి మన మట్టిలో కలిశాడన్నమాట!

ఆయన హాలుకీ కష్టాలు తప్పలేదు. 1964లో మూతపడింది. మళ్ళీ తెరిచేసరికి కింది భాగం, అంటే మన భాషలో నేల క్లాసు, దుకాణాల వరసగా మారిపోయింది. బాల్కనీ, ఆ కప్పు మాత్రం మిగిలాయి. పోనీ అదైనా దక్కింది. 1999లో ఆర్.ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం దీన్ని కొంది. బాగుచేయించి 2019లో మళ్ళీ తలుపులు తెరిచింది. ఇప్పుడు పగలు పాఠాలు, సాయంత్రం సినిమాలు!

కింద దుకాణాల్లో నడుస్తూ మావాడు అడిగాడు, "అయితే ఇక్కడ నేల టిక్కెట్టువాళ్ళు కూచునేవారా అన్నయ్యా?" అని.

"అవున్రా" అన్నాను. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

సుత్తి పట్టనన్న కూలీలు

ఇక కాలిన్స్ వీధి. ఇక్కడ రీజెంట్ థియేటర్ ఉంది. మీరు ఈ వ్యాసంలో ఒక్క హాలే గుర్తుపెట్టుకోవాలంటే దీన్నే గుర్తుపెట్టుకోండి.

ఇదీ 1929లోనే తెరిచారు, ఫోరం తెరిచిన కొద్ది వారాలకి. పాలరాతి మెట్లు, బంగారు రంగు పూతలు, ఎర్ర తివాచీలు, వేలాడే దీపపు గుత్తులు. 1945లో మంటలంటుకుని లోపలంతా కాలిపోయింది. అంత యుద్ధకాలపు కరువు రోజుల్లోనూ వదిలిపెట్టకుండా మళ్ళీ కట్టి 1947లో తెరిచారు. అగ్నికి లొంగని హాలు టెలివిజన్‌కి లొంగింది. 1970లో ఆఖరి ఆట పడింది. దీపాలూ, సామానూ వేలం వేశారు. కూల్చెయ్యడమే తరవాయి.

ఆ రోజుల్లో మెల్బోర్న్‌లో కూల్చడం ఓ ఉద్యమంలా సాగింది. ఇదే కాలిన్స్ వీధి పడమటి కొసన 1888లో కట్టిన ఫెడరల్ కాఫీ ప్యాలెస్ అనే ఏడంతస్తుల హోటలుండేది. మద్యం లేకుండా మర్యాదగా బస చెయ్యడానికి కట్టిన మేడ. బురుజులతో, శిల్పాలతో పెళ్ళికూతురిలా ఉండేది. దాన్ని 1973లో నేలమట్టం చేశారు. ఇవాళ ఆ మూల నుంచుంటే పాత ఫొటో చూసుకుని నిట్టూర్చడమే.

మరి రీజెంట్ ఎలా బతికింది? ఊళ్ళోవాళ్ళు కమిటీ కట్టారు. అది ఒక్కటే అయితే ఏమయ్యేదో! అసలు దెబ్బ కొట్టింది భవన నిర్మాణ కూలీల సంఘం. ఇళ్ళు కట్టడం, పాతవి కూల్చడం వాళ్ళ బతుకుతెరువు. అలాంటివాళ్ళు 'ఈ హాలు మీద మేం సుత్తి ఎత్తం' అని భీష్మించుకున్నారు. ఆస్ట్రేలియాలో దీన్ని గ్రీన్ బ్యాన్ అంటారు. కూలి డబ్బులు పోతాయని తెలిసీ, తమ జీతం పెంచమని కాకుండా, ఓ సినిమా హాలు నిలబెట్టమని పని మానేసినవాళ్ళని మీరెక్కడైనా చూశారా? బహుశా ఆ కూలీల్లో చాలామంది ఆ హాల్లోనే పక్కన ఓ అమ్మాయిని కూచోబెట్టుకుని సినిమా చూసి ఉంటారు!

కూల్చేవాడు దొరక్క హాలు అలాగే నిలబడింది. ఇరవయ్యారేళ్ళు బూజు పట్టి, చీకట్లో, ఖాళీగా! 1996లో దాన్ని బాగుచేసి మళ్ళీ తెరిచారు. ఇప్పుడు పెద్ద పెద్ద సంగీత నాటకాలు ఆడతాయి. ఆ పాలరాతి మెట్లెక్కుతుంటే నాకు హీరోలు గుర్తురాలేదు. సుత్తి కింద పెట్టిన ఆ పేరు తెలియని కూలీలే గుర్తొచ్చారు.

ప్రపంచంలో మొదటి నిడివి సినిమా!

రీజెంట్‌కి దాదాపు ఎదురుగానే ఎథెనియం హాలు. నెత్తి మీద దేవత విగ్రహం, కింద చిన్న నాటకశాల. చూడ్డానికి బుద్ధిమంతుడిలా ఉంటుంది గానీ, సినిమావాళ్ళకి ఇది పుణ్యక్షేత్రం!

1906 డిసెంబరు 26న ఇక్కడ 'ది స్టోరీ ఆఫ్ ది కెల్లీ గ్యాంగ్' విడుదలైంది. నిడివి గంటకి పైనే. అప్పటికి ప్రపంచంలో ఎవరూ అంత పొడుగు కథాచిత్రం తియ్యలేదు. మన ఫాల్కేగారి 'రాజా హరిశ్చంద్ర' కంటే ఆరేళ్ళు ముందు! దర్శకుడు చార్ల్స్ టెయిట్. మూకీ కదా, అందుకని తెర వెనకాల కొబ్బరి చిప్పలు కొట్టి గుర్రాల డెక్కల చప్పుడు వినిపించేవారట.

హీరో ఎవరంటారా? నెడ్ కెల్లీ. నిజం మనిషి. బ్యాంకులు దోచాడు, 1878లో ముగ్గురు పోలీసుల చావుకి కారణమయ్యాడు. కొందరికి పేదల పక్షాన నిలిచిన వీరుడు, కొందరికి కరుడుగట్టిన హంతకుడు. కెల్లీ తిరిగిన ఊళ్ళలో ఈ సినిమా చూపించవద్దని 1907లోనే నిషేధం పెట్టారు. సినిమా చూసి కుర్రాళ్ళు చెడిపోతారన్న మాట సినిమా అంత పాతదన్నమాట!

ఇంత చరిత్ర ఉన్న చిత్రంలో ఇవాళ మిగిలింది పదిహేడు నిమిషాలే. ముక్కలు ముక్కలుగా దొరికినవి అతికించి పెట్టారు. 2007లో యునెస్కో ఈ చిత్రాన్ని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932)లో అంతమాత్రం కూడా మనకి మిగల్లేదు. హాలు గోడ కూలితే శబ్దం వినిపిస్తుంది. రీలు కుళ్ళితే ఎవరికీ వినపడదు!

దయ్యానికి రిజర్వు చేసిన సీటు

బరువెక్కిన మనసుని తేలిక చెయ్యడానికి ఓ దయ్యం కథ చెబుతాను. స్ప్రింగ్ వీధిలో ప్రిన్సెస్ థియేటర్ ఉంది. 1886లో కట్టింది. ఆ రోజుల్లోనే కరెంటు దీపాలు, వేసవిలో గాలికోసం తెరుచుకునే పైకప్పు!

1888 మార్చి 3న అక్కడ 'ఫౌస్ట్' సంగీత నాటకం. సైతాను వేషం ఫ్రెడరిక్ ఫెడెరిచి అనే గాయకుడిది. క్లైమాక్సులో సైతాను నరకానికి దిగాలి. రంగస్థలం మీది తలుపు తెరుచుకుంది, ఆయన కిందికి దిగుతూనే గుండె ఆగి చనిపోయాడు. చిత్రమేమిటంటే, నాటకం అయ్యాక అందరితో పాటు ఆయన కూడా వచ్చి ప్రేక్షకులకి నమస్కరించాడని తోటి నటులు చెప్పారట! అప్పణ్ణించి కొత్త నాటకం మొదటి రోజున డ్రెస్ సర్కిల్లో ఆయనకో సీటు ఖాళీగా ఉంచడం ఆనవాయితీ అయింది.

నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. చచ్చాక కూడా మొదటి ఆట వదలని అభిమానిని మాత్రం నేను మెచ్చుకున్నాను!

ఓట్లతో బతికిన డోము

అక్కణ్ణించి కార్ల్‌టన్ తోటలోకి నడిస్తే రాయల్ ఎగ్జిబిషన్ బిల్డింగ్. 1851లో చుట్టుపక్కల బంగారం బయటపడ్డాక మెల్బోర్న్ ఒక్కసారిగా కోటీశ్వరుల ఊరైంది. ఆ దర్జా లోకానికి చూపించడానికి 1880లో అంతర్జాతీయ ప్రదర్శన పెట్టి, అందుకోసం ఈ మేడ కట్టారు. ప్లాను జోసెఫ్ రీడ్‌ది. డోముకి ఇటలీ ఫ్లారెన్స్ చర్చి ఆదర్శం. 1901 మే 9న ఆస్ట్రేలియా తొలి పార్లమెంటు కొలువుదీరింది ఇక్కడే. 1919 ఫ్లూ మహమ్మారిలో ఇదే ఆస్పత్రి అయింది.

ఇంత పెద్ద భవనాన్ని కూడా 1948లో కూల్చేద్దామా వద్దా అని నగర పాలక సభలో ఓటింగు పెట్టారు. అతి తక్కువ ఓట్ల తేడాతో గట్టెక్కింది. అదే భవనం 2004లో తోటతో సహా ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఆస్ట్రేలియాలో ఆ గౌరవం పొందిన మొదటి భవనం ఇదే! చేతులెత్తినవాళ్ళలో కొద్దిమంది అటు తిరిగి ఉంటే ఇవాళ అక్కడ ఏముండేదో!

"ఈ హాల్లో నేను పరీక్ష రాశానన్నయ్యా" అన్నాడు మావాడు.

"పైకి చూశావా?"

"పేపరు చూసి పైకే చూశాను... దేవుడికోసం!"

జడ్జీ, ముద్దాయి ఒకే చోట

ఆఖరున రస్సెల్ వీధిలో పాత జైలు. 1845లో తెరిచారు, 1924లో మూశారు. నల్లరాతి గోడలు, మూడంతస్తుల కొట్లు. ఇప్పుడు మ్యూజియం. 1880 నవంబరు 11న నెడ్ కెల్లీని ఇక్కడే ఉరితీశారు. వయసు పాతికేళ్ళు. అదే జైల్లో, అదే గోడల మధ్య, ఆ సమయానికి అతని తల్లి ఎలెన్ కూడా శిక్ష అనుభవిస్తోంది. ఏ రచయితైనా ఈ సీను రాస్తే 'మరీ సినిమాలా ఉంది' అంటాం! కొడుకు కథతో సినిమా వచ్చినప్పుడు ఆ తల్లి బతికే ఉంది. 1923 దాకా ఉంది.

జైలుకి దగ్గర్లోనే రాష్ట్ర గ్రంథాలయం. పోలీసుల గుళ్ళకి అడ్డుగా నాగళ్ళ ఇనప రేకులతో కెల్లీ చేయించుకున్న కవచం ఈ గ్రంథాలయం సొత్తు. బయట ఉన్న విగ్రహం ఎవరిదో తెలుసా? గ్రంథాలయ స్థాపకుల్లో ఒకరైన సర్ రెడ్‌మండ్ బ్యారీది. కెల్లీకి ఉరిశిక్ష వేసిన జడ్జీ ఆయనే! కెల్లీ పోయిన పన్నెండు రోజులకి ఆయనా పోయాడు. జడ్జీ గుమ్మంలో, ముద్దాయి కవచం లోపల... ఊరు ఇద్దర్నీ దాచుకుంది.

ఈ గ్రంథాలయం ముంగిట్లోనే గ్రెగరీ పెక్, ఏవా గార్డ్‌నర్ నటించిన 'ఆన్ ది బీచ్' (1959) ఆఖరి దృశ్యాలు తీశారు. అణుయుద్ధం తరవాత మనుషులే లేని మెల్బోర్న్‌ని అందులో చూపించారు. మన సైఫ్, ప్రీతీ జింటా 'సలాం నమస్తే' (2005)తో ఇదే ఊళ్ళో ఆటపాటలాడారు. ఊరు ఒకటే, వేషాలే వేరు.

శుభం కార్డుకి ముందు

మూడో రోజు సాయంత్రం మళ్ళీ స్టేషన్ మెట్ల మీదికొచ్చి కూచున్నాం. ఎదురుగా జనం వస్తున్నారు, పోతున్నారు, ఒకళ్ళకోసం ఒకళ్ళు ఎదురుచూస్తున్నారు.

తిరిగినంతా తలుచుకుంటే ఒక్కటే అనిపించింది. ఈ ఊళ్ళో నిలిచిన ప్రతి కట్టడానికీ వెనకాల ఓ గండం ఉంది. రాయి గట్టిదని ఏదీ నిలవలేదు. కాఫీ ప్యాలెస్ రాళ్ళు మాత్రం మెత్తనివా? ఒకచోట జనం అరిచారు, ఒకచోట కూలీలు సుత్తి కిందపెట్టారు, ఒకచోట కొన్ని చేతులు ఎక్కువ లేచాయి. అంతే తేడా!

మా ఊరి హాలు కూలుస్తున్నప్పుడు నేనెక్కడున్నాను? పక్క ఊళ్ళో కొత్త మల్టీప్లెక్సులో, పాప్‌కార్న్ తింటూ. ఎవర్ని తిట్టను?

మావాడు ఫోనులో ఏదో టైపు చేస్తున్నాడు. "ఏంట్రా?" అన్నాను.

"మనూళ్ళో ఇంకో పాత హాలుంది కదన్నయ్యా, బస్టాండు వెనకాల... అది ఇంకా ఆడుతోందో లేదో నాన్నని అడుగుతున్నా."

జవాబు వెంటనే వచ్చింది. ఆడుతోందిట. రోజుకి రెండే ఆటలు.

పాఠక మిత్రులారా, మీ ఊళ్ళోనూ అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. సీట్లు చిరిగుంటాయి, ఫ్యాను శబ్దం చేస్తుంది. అయినా ఈ వారం ఓసారి వెళ్ళి రండి. లోపలికి వెళ్ళాక ఒక్క క్షణం కప్పుకేసి చూడండి. ఇంటర్వెల్లో ఆ హాలు గుమ్మం ముందు నుంచుని ఓ ఫొటో తీసుకోండి.

మేమిద్దరం ఈసారి పండక్కి అక్కడే కలుద్దామనుకున్నాం. గడియారాల్లేవు గానీ, టిక్కెట్ల కిటికీ ఉంది!